విడిపోయిన చిన్న ఆంగ్లికన్ చర్చిల్లో నిజంగా ఎంతమంది ఉన్నారు? లెక్క తేల్చే పద్ధతి

2007 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో ట్రెడిషనల్ ఆంగ్లికన్ కమ్యూనియన్ బిషప్పులు సమావేశమై, తమను కలుపుకోమని రోమ్‌ను, అంటే పోప్ నడిపే క్యాథలిక్ చర్చిని కోరుతూ ఒక విజ్ఞప్తి మీద సంతకాలు పెట్టారు. ఆంగ్లికన్లంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంలో నడిచే క్రైస్తవులు. ప్రధాన ఆంగ్లికన్ చర్చిల నుంచి విడిపోయిన చిన్న చర్చిలు కలిసి పెట్టుకున్న ఈ అంతర్జాతీయ సంస్థను అందరూ టీఏసీ అంటారు. ఆ తర్వాత రెండు మూడేళ్లపాటు దీని గురించి వచ్చిన వార్తల్లో ఒకే అంకె కనిపించేది: 4 లక్షల మంది సభ్యులు. 2009 నవంబరులో పోప్ బెనెడిక్ట్ 16 అలాంటి ఆంగ్లికన్లు తమ ఆరాధన పద్ధతులు వదులుకోకుండా క్యాథలిక్ చర్చిలో చేరేందుకు ఆర్డినరియేట్లు అనే ప్రత్యేక ఏర్పాటు చేశారు. 2011, 2012లలో ఇంగ్లండ్‌కి ఒకటి, అమెరికా-కెనడాలకి ఒకటి, ఆస్ట్రేలియాకి ఒకటి వచ్చాయి. టీఏసీతో సంబంధం లేకుండా వచ్చిన వాళ్లను కూడా కలుపుకుని, వాటిలో చేరినవాళ్లు వేలల్లోనే ఉన్నారు.

అయితే 4 లక్షలు అబద్ధమా? అలా తేల్చేయడానికీ లేదు. టీఏసీలో అందరూ రోమ్‌కి వెళ్లాలనుకోలేదు. 2012లో జొహానెస్‌బర్గ్‌లో కలిసిన బిషప్పులు ఆంగ్లికన్లుగానే ఉంటామన్నారు. ప్రైమేట్ (ప్రధాన బిషప్పు) జాన్ హెప్‌వర్త్ స్థానంలో ఇండియాకి చెందిన శామ్యూల్ ప్రకాశ్‌ను తాత్కాలికంగా కూర్చోబెట్టారు. పైగా అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో టీఏసీవి చిన్నచిన్న సంఘాలే. పెద్ద అంకెలు వచ్చింది ఆఫ్రికా, ఇండియాల నుంచి. అక్కడివాళ్లకి ఆర్డినరియేట్ అన్నదే ఏర్పడలేదు. అంటే ఆ అంకెను నిరూపించడానికి ఎంత కష్టమో కొట్టిపారేయడానికీ అంతే కష్టం.

ఇలాంటి సంస్థ గురించి వికీపీడియాలో రాయాలన్నా, వార్త రాయాలన్నా, ప్రాజెక్టు రిపోర్టు పెట్టాలన్నా ఈ చిక్కు తప్పదు. విదేశంలో ఉంటూ పక్క వీధిలోని ఆంగ్లికన్ బోర్డు చూసి వెళ్దామా వద్దా అని ఆలోచించేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. నా పద్ధతి వెనక ఉన్నది ఒకటే లెక్క: తలలు మనం లెక్కపెట్టలేం, ఆరాధన జరిగే చోట్లు మాత్రం లెక్కపెట్టగలం. కింద బిషప్పులు, సినడ్‌ (నిర్ణయాలు చేసే సభ)తో ఉన్న మొత్తాన్ని ‘సంస్థ’ అని, ఒక ఊళ్లో ఆదివారం కూడే వాళ్లను ‘సంఘం’ అని రాస్తున్నాను. ఈ రెండూ కలిసిపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

అడుగు 1: ఏ సంస్థో ముందు ఖాయం చేసుకోండి

ఇక్కడే సగం మంది బోల్తా పడతారు. 1976లో మినియాపొలిస్‌లో జరిగిన అమెరికా ఎపిస్కోపల్ చర్చి (అక్కడి ప్రధాన ఆంగ్లికన్ చర్చి) మహాసభ మహిళలను గురువులుగా అభిషేకించడానికి ఒప్పుకుంది, కొత్త ప్రార్థన పుస్తకానికి తొలి ఆమోదం ఇచ్చింది. అది నచ్చనివాళ్లు 1977 సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌లో కూడారు. 1978 జనవరిలో డెన్వర్‌లో తమ కొత్త బిషప్పులకు అభిషేకం చేయించుకున్నారు. వీళ్లనే కంటిన్యూయింగ్ ఆంగ్లికన్లు అంటారు. ఒక్క సంస్థగా ఉండాలని బయల్దేరినవాళ్లు కొద్ది ఏళ్లలోనే ఆంగ్లికన్ క్యాథలిక్ చర్చ్, ఆంగ్లికన్ ప్రావిన్స్ ఆఫ్ క్రైస్ట్ ది కింగ్, యునైటెడ్ ఎపిస్కోపల్ చర్చ్ ఆఫ్ నార్త్ అమెరికా అంటూ మూడు దారులు పట్టారు. 1991లో ఆంగ్లికన్ చర్చ్ ఇన్ అమెరికా వచ్చింది. 2009లో వచ్చిన ఆంగ్లికన్ చర్చ్ ఇన్ నార్త్ అమెరికా వేరే తరం, వేరే గొడవ, పైగా వీటన్నిటికంటే చాలా పెద్దది. పేర్లు చూడండి: ‘ఇన్ అమెరికా’ ఒకటి, ‘ఇన్ నార్త్ అమెరికా’ ఇంకొకటి. ఒకదాని అంకె తీసుకెళ్లి ఇంకొకదానికి తగిలించడం ఎంత సులువో ఇక చెప్పక్కర్లేదు.

మన దగ్గరా ఇదే తంతు. ఆంగ్లికన్ చర్చ్ ఆఫ్ ఇండియా అనే పేరునో, దాన్ని పోలిన పేరునో ఒకటికి మించిన సంస్థలు వాడుకుంటున్నాయి. 1947కి ముందున్న పాత ఆంగ్లికన్ చర్చికి అసలు వారసులం మేమేనని ఎవరికి వారే అంటారు. కాబట్టి కాగితం మీద ఈ మూడూ రాసుకోండి: పూర్తి పేరు, ఇప్పుడున్న ప్రధాన బిషప్పు, ఏ సంవత్సరంలో దేని నుంచి వచ్చింది. ఈ మూడూ కలవని అంకె ఏదైనా పక్కన పెట్టేయండి.

ఇంకో మాట. ‘విడిపోయిన’ అనే ముద్ర వేసేముందు కాస్త ఆగండి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది అందులో చేరలేదు. పాత చర్చిలోనే ఉండిపోయి, 1970ల మధ్యలో గానీ సీఎస్ఐలోకి రాలేదు. వాళ్లు విడిపోయినవాళ్లా, మిగిలిపోయినవాళ్లా? ఏ వైపు నుంచి రాస్తే ఆ వైపు పుస్తకంలోకి వాళ్ల సంఖ్య వెళ్తుంది.

అడుగు 2: దేన్ని లెక్కపెట్టారో అడగండి

‘సభ్యుడు’ అనే మాటకి కనీసం నాలుగు అర్థాలున్నాయి. బాప్తిస్మం రిజిస్టరులో పేరున్నవాళ్లందరూ ఒక లెక్క. కన్ఫర్మేషన్ (బిషప్పు చేతులుంచి విశ్వాసాన్ని స్థిరపరచే ఆచారం) అయి, ప్రభు బల్లలో పాలుపొందేవాళ్లు ఇంకో లెక్క. ఏటా చందా కట్టేవాళ్లు, ఆదివారం సగటున వచ్చేవాళ్లు మిగతా రెండు. ఒకే సంఘంలో మొదటి లెక్క 200 ఉండి చివరిది 30 ఉండొచ్చు, ఇందులో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

తేడా ఎంత దూరం పోతుందో పెద్ద సంస్థల్లో చూద్దాం, వాటి అంకెలు బయటికి వస్తాయి కాబట్టి. 2023లో అమెరికా ఎపిస్కోపల్ చర్చి సభ్యత్వం సుమారు 15.5 లక్షలు, ఆదివారం సగటు హాజరు సుమారు 4.1 లక్షలు. అదే ఏడాది ఆంగ్లికన్ చర్చ్ ఇన్ నార్త్ అమెరికా సభ్యత్వం 1.28 లక్షలు, హాజరు 85 వేలకి కాస్త తక్కువ. సభ్యత్వంతో పోలిస్తే మొదటిది రెండోదానికి 12 రెట్లు, హాజరుతో పోలిస్తే 5 రెట్లు కూడా లేదు. రెండు వైపులవాళ్లూ తమకు నచ్చిన పోలికే చెబుతారు. మీరు మాత్రం సభ్యత్వాన్ని సభ్యత్వంతో, హాజరును హాజరుతోనే పోల్చండి.

పాత పేర్లు పేరుకుపోవడం ఇంకో జబ్బు. ఇంగ్లండ్ చర్చిలో ఎలక్టోరల్ రోల్‌ను (సంఘ సమావేశంలో ఓటు వేయగలవాళ్ల జాబితాను) ఆరేళ్లకోసారి పూర్తిగా చెరిపేసి కొత్తగా రాస్తారు. 2019లో రాశారు, మళ్లీ 2025లో రాశారు. అందరూ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి కాబట్టి చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు ఆ ఏడాది రాలిపోతారు. విడిపోయిన చిన్న సంస్థల్లో అలాంటి నియమం ఉందా అని అడగండి. లేదంటే అక్కడి రోల్‌లో ఇరవై ఏళ్ల కిందటి పేర్లు కూడా ఉండొచ్చని అనుకునే ముందుకు సాగండి.

అడుగు 3: అంకె పుట్టిన చోటికి వెళ్లండి

ఒక అంకె పది చోట్ల కనిపిస్తే పది ఆధారాలు ఉన్నట్టు కాదు. సాధారణంగా ఒక బిషప్పు ఇంటర్వ్యూలో చెబుతారు, పత్రిక రాస్తుంది, వికీపీడియా ఆ పత్రికను చూపిస్తుంది, తర్వాత సంస్థ తన సైట్లో ‘పత్రికల ప్రకారం’ అంటుంది. చుట్టూ తిరిగి మొదటికే. అంకెను, సంస్థ పేరును కలిపి వెతికి, తేదీల వరుసలో పేర్చండి. అన్నిటికంటే పాతదాంట్లో ఎవరు చెప్పారో అదే మీ ఆధారం. పదేళ్లలో సంఘాల జాబితా మారినా సభ్యుల అంకె మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే, దాన్ని ఎవరూ మళ్లీ లెక్కపెట్టలేదని అర్థం.

అడుగు 4: సంఘాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి

అసలు పని ఇదే. ఓ రెండు రోజులు కేటాయించుకోండి.

సంస్థ సైట్లో పారిష్‌ల (స్థానిక సంఘాల) జాబితా దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కొత్తవాళ్లు రావాలిగా. దాన్ని ఒక ఎక్సెల్ షీట్లోకి ఎక్కించండి: పేరు, ఊరు, చిరునామా, గురువు పేరు, ఆరాధన సమయం. ఆ తర్వాత ఒక్కొక్క వరుసను పరీక్షించండి. చిరునామాను మ్యాప్‌లో తెరిచి వీధి ఫోటో చూడండి. సొంత భవనమా, అద్దె గదా? సబ్బాతు పాటించే అడ్వెంటిస్టుల చర్చి ఆదివారం ఖాళీగా ఉంటుంది కాబట్టి కొన్ని చిన్న సంఘాలు అక్కడ అద్దెకి చేరతాయి. ఇంకొన్ని ఎవరి ఇంటి హాల్లోనో జరుగుతాయి. ఇల్లయితే పదిహేను మందికి మించి ఊహించకండి. ‘నెలలో రెండో ఆదివారం మాత్రమే’ అని ఉందా? ఒకే గురువు పేరు మూడు సంఘాల పక్కన ఉందా? అప్పుడు అదే మనుషులు మూడు చోట్లా కనిపించే అవకాశం ఉంది. ఫేస్‌బుక్ పేజీలో ఈస్టర్ ఫోటో చూడండి, ఏడాదంతటిలో ఎక్కువమంది వచ్చే రోజు అదే. ఫోటోలో కనిపించే తలలు లెక్కపెట్టి, వెనక బెంచీలవాళ్లు కనబడరు కాబట్టి సగం మందిని అదనంగా కలపండి. ఇది మోటు లెక్కే, కానీ ఏ లెక్కా లేకపోవడం కంటే నయం.

ఇదే జాబితా అయిదేళ్ల కింద ఎలా ఉందో ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో చూడండి. సైట్లు పాత అంకెల్ని దాచగలవు గానీ పాత పేజీలు అక్కడ చాలావరకు మిగిలిపోతాయి.

ఇప్పుడు ఒక ఊహాలెక్క. ఒక సంస్థ 10,000 మంది సభ్యులని చెబుతోంది అనుకుందాం. జాబితాలో 40 సంఘాలున్నాయి. మీరు పరీక్షిస్తే 31 మాత్రమే బతికున్నట్టు తేలింది: 9 సొంత భవనాలు, 14 అద్దె చోట్లు, 8 ఇళ్లు. భవనానికి 45, అద్దె చోటుకి 22, ఇంటికి 10 చొప్పున వేస్తే 405, 308, 80. మొత్తం 793. ఇది ఆదివారం హాజరు. సభ్యత్వం హాజరుకి ఒకటిన్నర రెట్లు అనుకుంటే 1,200 దగ్గర, నాలుగు రెట్లు అనుకుంటే 3,200 దగ్గర ఆగుతుంది. ఎటు చూసినా 10,000 రాదు. అంటే ఒకటి జరిగి ఉండాలి. మనకు కనిపించని దేశాల్లో సంఘాలు ఉండి ఉండాలి, లేదా ఆ అంకె వేరే దేన్నో లెక్కపెడుతూ ఉండాలి. ‘మోసం’ అనే మాట దగ్గరికి ఇంకా వెళ్లొద్దు.

అడుగు 5: డబ్బు కాగితాలు

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో చర్చిలు వార్షిక పన్ను రిటర్ను దాఖలు చేయక్కర్లేదు కాబట్టి అక్కడ దాదాపు చీకటే. కౌంటీ ఆస్తి రికార్డులు మాత్రం చూడొచ్చు, భవనం ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. కెనడా ఇందుకు తలకిందులు. రిజిస్టరైన చారిటీలన్నీ, చర్చిలతో సహా, టీ3010 అనే వార్షిక ఫారం ఇవ్వాలి, అది ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఇంగ్లండ్‌లో చారిటీ కమిషన్ రిజిస్టరు, ఆస్ట్రేలియాలో చారిటీల కమిషన్ రిజిస్టరు ఉన్నాయి.

ఆదాయాన్ని సభ్యుల అంకెతో భాగించండి. ఏడాదికి మనిషికి రెండు మూడు పౌండ్లు వస్తే, ఆ సభ్యులు కానుక పళ్లెంలో చిల్లర కూడా వేయట్లేదన్నమాట. ఏదో ఒక పక్క తేడా ఉంది. అయితే జాగ్రత్త. సంస్థ కేంద్ర కార్యాలయం ఆదాయం వేరు, స్థానిక సంఘాల ఆదాయం వేరు. ఒకే పెద్దాయన వీలునామాలో రాసిచ్చిన సొమ్ము ఒక ఏడాది లెక్కను పూర్తిగా వంకర చేస్తుంది. అయిదేళ్లవి కలిపి చూడండి.

సెన్సస్, సర్వేలు ఇక్కడ అక్కరకు రావు. అమెరికా సెన్సస్ మతం అడగదు. 35 వేల మందితో చేసే పెద్ద సర్వేలో కూడా, 20 వేల మంది ఉన్న సంస్థ నుంచి తగిలేది సగటున ముగ్గురు.

అడుగు 6: లెక్క ఇండియాకి చేరినప్పుడు

కంటిన్యూయింగ్ సంస్థల అంతర్జాతీయ అంకెల్లో ఇండియా వాటా పెద్దది కాబట్టి ఇక్కడ తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది. మనం నేరుగా అడగగలం. కానీ అడిగే తీరును బట్టి జవాబు మారుతుంది.

‘అయ్యగారూ, మీ సంఘంలో ఎంతమంది ఉన్నారండీ?’ అని అడిగితే ‘అరవై కుటుంబాలు బాబూ’ అంటారు. పల్లె సంఘాల్లో లెక్క కుటుంబాల్లోనే. అదే నివేదికగా పైకి వెళ్లేటప్పుడు కుటుంబానికి అయిదుగురు చొప్పున 300 అవుతుంది. చదువులకీ ఉద్యోగాలకీ హైదరాబాదు, బెంగళూరు పోయిన పిల్లలు కూడా ఆ 300లోనే ఉంటారు, అక్కడ వాళ్లు వెళ్లే చర్చి లెక్కలోనూ ఉంటారు. అందుకే ఇలా అడగండి: ‘అయ్యగారూ, పోయిన ఆదివారం ఆరాధనకి ఎంతమంది వచ్చారండీ? బల్లలో ఎంతమంది పాలుపొందారు? కిందటేడు ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని భూస్థాపనలు జరిగాయి?’ నిక్కచ్చి సంఘమైతే పాత ఆంగ్లికన్ పద్ధతిలో సర్వీస్ రిజిస్టరు ఉంటుంది. తేదీ, ఆరాధన పేరు, హాజరు, బల్లలో పాలుపొందినవారు, కానుక, గురువు సంతకం, ఇలా గళ్లు గీసిన పెద్ద పుస్తకం. ఒక్క పేజీ చూపించమని అడగండి. వారం వారం 41, 38, 44, 29 అంటూ ఎగుడుదిగుడుగా ఉంటే నిజంగా లెక్కపెట్టారని అర్థం. ప్రతి ఆదివారం 100, 100, 120, 100 అని ఉంటే ఆ పుస్తకాన్ని నెలాఖరున కూర్చుని నింపారన్నమాట.

ఇక సంఘాలే మూకుమ్మడిగా చేరడం. పది పదిహేను ఊళ్లలో ఆరాధనలు నడిపే ఒక స్వతంత్ర పాస్టరుగారు ఏదో విదేశీ సంస్థతో అనుబంధం పెట్టుకుంటే, ఆ సంస్థ పుస్తకంలో ఒక్క రోజులో వేల మంది చేరిపోతారు. ఆ ఊళ్లవాళ్లకి తాము ఆంగ్లికన్లయ్యామని తెలిసి ఉండాలనేం లేదు. ఆ పాస్టరుగారికి ఇంకో మిషన్‌తో కూడా సంబంధం ఉంటే అవే తలలు రెండు విదేశీ నివేదికల్లోకి ఎక్కుతాయి. బోర్డు మీద ఏ పేరుంది, ఏ ప్రార్థన పుస్తకం చేతిలో పట్టుకుంటారు, చివరిసారి బిషప్పుగారు ఎప్పుడొచ్చి కన్ఫర్మేషన్ ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలతో ఇది చాలావరకు తేలిపోతుంది.

సెన్సస్‌తో సరిపోల్చడం మాత్రం మన దగ్గర పెద్ద తప్పుదారి. మన జనగణన క్రైస్తవులని ఒకే గడి ఇస్తుంది, ఏ శాఖో అడగదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో పడినవాళ్లు 1.3 శాతం చిల్లర. ఆదివారం గుంటూరు, కృష్ణా పల్లెల్లో తిరిగినవాళ్లెవరికైనా అది తక్కువనిపిస్తుంది. కారణం అందరికీ తెలిసిందే. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకీ, తర్వాతి సవరణలతో సిక్కులకీ బౌద్ధులకీ ఉంది, క్రైస్తవులకి లేదు. అందువల్ల బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, కాలేజీ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి.

దీంతో మన మీద ఒక బాధ్యత పడుతుంది. రిజిస్టరు పేజీ ఫోటో తీయొద్దు, సభ్యుల పేర్లు రాసుకోవద్దు, ఊరి పేరుతో సహా ఎక్కడా పెట్టొద్దు. మీ వ్యాసానికి కావాల్సింది 41 అనే అంకె, ఆ 41 మంది ఎవరన్నది కాదు. ఒకరి కుల ధ్రువీకరణ మీద ఫిర్యాదుకి మీ ఫోటో సాక్ష్యమైతే దాన్ని వెనక్కి తీసుకోలేరు.

విదేశీ విరాళాల వివరాలు ఒకప్పుడు కేంద్ర హోంశాఖ సైట్లో సంస్థలవారీగా దొరికేవి. 2022 జులైలో ఆ సమాచారంలో చాలా భాగం తీసేశారు. ఎవరైనా ముందే దించుకున్న కాపీలుంటే తప్ప ఆ దారి మూసుకున్నట్టే.

అడుగు 7: రెండుసార్లు పడ్డ పేర్లు తీసేయండి

సంస్థల మధ్య కూడికలు చేసేటప్పుడు ఇది ముఖ్యం. 1873లో పుట్టిన రిఫార్మ్‌డ్ ఎపిస్కోపల్ చర్చి ఇప్పుడు ఆంగ్లికన్ చర్చ్ ఇన్ నార్త్ అమెరికాలో భాగం, రెండిటినీ విడివిడిగా కూడితే ఒకరే ఇద్దరవుతారు. 2017 అక్టోబరులో అట్లాంటాలో నాలుగు కంటిన్యూయింగ్ సంస్థలు పూర్తి సహవాస ఒప్పందం (ఒకరి గురువులను, ఆరాధనను ఇంకొకరు ఒప్పుకునే ఒప్పందం) చేసుకున్నాయి. అది విలీనం కాదు, కానీ ఆ రోజు నుంచి ఉమ్మడి అంకె చెప్పే అలవాటు ఎవరికైనా రావచ్చు, గమనించండి. 2007, 2008లలో శాన్ వాకీన్, పిట్స్‌బర్గ్, క్విన్సీ, ఫోర్ట్ వర్త్ డయాసిస్‌లు (ఒక్కో బిషప్పు కింద ఉండే ప్రాంతాలు) ఎపిస్కోపల్ చర్చి నుంచి వెళ్లిపోయినప్పుడు అవే మనుషులు మాకంటే మాకు చెందుతారని రెండు పక్షాలూ కోర్టుల్లో కొట్లాడుకున్నాయి. అలాంటి ఏళ్లకి చెందిన అంకె తీసుకుంటే ఏ పక్షం పుస్తకంలోదో రాయండి.

అడుగు 8: రాసేటప్పుడు

ఒక్క అంకె రాయొద్దు. ఎవరు చెప్పారు, ఎప్పుడు, దేన్ని లెక్కపెట్టి అన్నవి ఆ వాక్యంలోనే ఉండాలి. ‘ఈ సంస్థకి 10,000 మంది సభ్యులున్నారు’ అని కాకుండా ఇలా రాయండి: ‘సంస్థ 2015లో తనకు 10,000 మంది సభ్యులున్నారని ప్రకటించింది, లెక్కించిన పద్ధతి చెప్పలేదు. 2024లో దాని సైట్లో 40 సంఘాల జాబితా ఉంది.’ రెండో వాక్యాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. మీ సొంత అంచనా వికీపీడియాలో పెట్టడం కుదరదు, అక్కడ సొంత పరిశోధన ఒప్పుకోరు. వార్తలోనో, రిపోర్టులోనో అయితే ‘మా అంచనా 1,200 నుంచి 3,200’ అని పద్ధతితో సహా పెట్టొచ్చు. 1,187 అనే అంకె మాత్రం పెట్టకండి. అంత కచ్చితత్వం మన దగ్గర లేదు, ఉన్నట్టు కనిపించకూడదు.

ప్రచురించే ముందు ఆ సంస్థ కార్యాలయానికి మెయిల్ పెట్టండి. రెండే ప్రశ్నలు చాలు: కిందటేడు ఆదివారం సగటు హాజరెంత, ఎన్ని సంఘాలు రిపోర్టు పంపాయి? రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. 40లో 18 సంఘాలే రిపోర్టు పంపి ఉంటే, మిగతా 22కి పాత ఏడాది అంకెలే మళ్లీ దించి ఉండొచ్చు. మూడు వారాలు ఆగండి. చిన్న సంస్థల్లో బిషప్పుగారే గుమస్తా, బిషప్పుగారే డ్రైవరు, జవాబు ఆలస్యం కావచ్చు. జవాబొస్తే తేదీతో సహా చేర్చండి. రాకపోతే ‘ఫలానా తేదీన అడిగాం’ అని ఒక్క ముక్క రాసి, షీట్ దాచుకోండి. వచ్చే ఈస్టర్ తర్వాత అవే 31 పేజీలు మళ్లీ తెరవాలి.